ఎండ కాచిన నీళ్ళు

నల్లటి పాత్రలో నీళ్ళు పోసి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి వెచ్చబడతాయన్న సంగతి తెలుసుకోవడానికి ఏ దేశంలోనూ ప్రయోగశాల అవసరం కాలేదు. పసిబిడ్డకు నీళ్ళు పోసే వేళకు చలి విరిగేలా ఇత్తడి గంగాళాన్ని వాకిట్లో ఎండకు పెట్టడం తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలిసిన పనే. పంతొమ్మిదో శతాబ్దిలో అమెరికా రైతులు ఇనుప తొట్లకు నల్లరంగు పూసి ఆరుబయట నిలిపి, పొలం నుంచి వచ్చాక ఆ నీళ్ళతో స్నానం చేసిందీ ఇదే ఎరుకతో. అయితే ఈ ఎరుక ఇంటి సదుపాయంగా, కొందరికి వృత్తిగా, కొన్ని ఊళ్ళకు అలవాటుగా మారడానికి ముందు ఒక చిక్కు విడిపోవలసి వచ్చింది. పగలు పట్టిన వేడి పొద్దు వాలగానే గాలిలోకీ ఆకాశంలోకీ జారిపోతుంది. వేడినీళ్ళతో పనిపడేదేమో చాలా ఇళ్ళలో తెల్లవారుజామున. ఎండను పట్టడం సులువు, పట్టిన వేడిని రాత్రి దాటించడం కష్టం. జనం సోలార్ హీటర్ అని పిలుచుకునే సౌర జలతాపకం ప్రధానంగా ఈ చిక్కు చుట్టూనే రూపు మార్చుకుంటూ వచ్చింది. అది ఏ ఊళ్ళో బతికింది, ఏ ఊళ్ళో చనిపోయింది అన్న సంగతిని మాత్రం ఆ ఊరి బొగ్గు ధర, గ్యాసు ధర, కరెంటు ధర నిర్ణయించాయి.

వేడిని పట్టి ఉంచే విధానాన్ని తొలిసారి కొలిచి చూసినవాడు జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్. గాజు కిటికీలున్న గది ఎండలో ఎందుకంత వేడెక్కుతుందో తేల్చుకోదలచి 1767లో ఆయన ఒకదానిలో ఒకటి ఇమిడే గాజు పెట్టెలను నల్లని బల్లపై బోర్లించి ఎండలో పెట్టగా, లోపలి పెట్టెలో వేడి సుమారు 87 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరింది; తర్వాత చెక్కపెట్టెకు లోపల నల్లని బెండు పరచి, పైన మూడు పొరల గాజు బిగించి, వేడి బయటికి పోకుండా జాగ్రత్తపడితే అది 110 డిగ్రీలకు, అంటే నీరు మరిగే స్థాయి దాటి, పెరిగింది. ఆయన ఆ పెట్టెను క్రమాన్ అనే ఆల్ప్స్ పర్వత శిఖరానికి మోసుకుపోయి, కింద లోయకంటే గాలి ఎంతో చల్లగా ఉన్న ఆ ఎత్తులో కూడా పెట్టె లోపలి వేడి ఇంచుమించు అంతే ఉండటం గమనించాడు. ఈ ఫలితానికి కారణం గాజు గుణం: సూర్యుడి నుంచి వచ్చే కాంతిని అది లోపలికి రానిస్తుంది, కాని ఆ కాంతిని తాగి వేడెక్కిన నల్లని తలం తిరిగి వెదజల్లే వేడికిరణాలను బయటికి పోనివ్వదు, పైగా వేడిగాలి లేచిపోకుండా మూతలా అడ్డుపడుతుంది. సొస్యూర్ ‘వేడిపెట్టె’ అప్పట్లో ఎవరి వంటింటికీ, స్నానాల గదికీ చేరలేదు. అది సామాన్లు అమ్మే ఒక వర్తకుడి చేతిలో పడటానికి నూట ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆ వర్తకుడు అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇళ్ళను వెచ్చబరిచే పరికరాలు అమ్ముకునే క్లారెన్స్ కెంప్. రైతుల నల్లతొట్టినీ సొస్యూర్ గాజుపెట్టెనూ ఒకచోట చేర్చి 1891లో ఆయన పేటెంట్ పొందిన పరికరం పేరు క్లైమాక్స్: నల్లరంగు పూసిన నాలుగు ఇనుప గొట్టపు ట్యాంకులను దేవదారు చెక్కపెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టి, పైన గాజు మూత బిగించి, ఇంటి కప్పుమీదో గోడపక్కనో అమర్చితే, కొళాయి తిప్పినప్పుడల్లా ఊరి నీళ్ళు ఒక కొసన ప్రవేశించి వేడినీళ్ళను మరో కొసన బయటికి నెడతాయి. సుమారు 120 లీటర్ల పరికరం ధర 25 డాలర్లు. కెంప్ తన ప్రకటనలను మొదట ఉద్దేశించింది, వేసవిలో భార్యలు పనివాళ్ళతో సహా విహార స్థలాలకు వెళ్ళిపోతే ఇంట్లో ఒంటరిగా మిగిలి, నీళ్ళపొయ్యి వెలిగించడం చేతకాని తూర్పుతీరపు మగవాళ్ళను. కాని ఆ పరికరానికి అసలైన చోటు దేశానికి అటు అంచున ఉన్న కాలిఫోర్నియాలో దొరికింది.

దక్షిణ కాలిఫోర్నియాలో ఆనాడు బొగ్గు గనులు లేవు. బొగ్గు దూరం నుంచి రావాలి, కట్టెలు తక్కువ, బొగ్గు నుంచి తీసిన గ్యాసు ఖరీదు, కరెంటు ఇంకా ఖరీదు. అక్కడ మంచుకాలం తేలిక, ఎండ మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు నిలకడగా కాస్తుంది. 1895లో పాసడీనా పట్టణపు వ్యాపారులిద్దరు కాలిఫోర్నియాలో క్లైమాక్స్ తయారీ హక్కును 250 డాలర్లకు కొన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి, అంటే 1897 నాటికి, పాసడీనా ఇళ్ళలో 30 శాతం ఎండతో నీళ్ళు కాచుకుంటున్నాయి. 1900 నాటికి దక్షిణ కాలిఫోర్నియా అంతటా 1,600 క్లైమాక్స్‌లు అమ్ముడుపోయాయి. ఏడాదికి సుమారు 9 డాలర్ల బొగ్గు ఖర్చు తగ్గినందువల్ల మూడేళ్ళలోపే పెట్టుబడి తిరిగివచ్చేది. పర్యావరణం అన్న మాట అప్పటికి ఎవరి నోటా లేదు. పొయ్యి ముందు కూర్చోనక్కరలేని సుఖానికీ, చేతిలో మిగిలిన డబ్బుకూ ఆశపడి సాధారణ గృహస్థులు కొన్న వస్తువు ఇది. తర్వాతి కాలంలో ఆదర్శవాదుల ఇష్టంగా పేరుపడిన పరికరం మొదట ఇంత లౌకికంగా ఇళ్ళలో ప్రవేశించిందని గుర్తుంచుకోవడం దాని చరిత్రకు న్యాయం చేయడమే.

క్లైమాక్స్‌లో వేడిని పట్టే భాగమూ నీళ్ళను నిలవచేసే భాగమూ ఒకటే. అంత నీరు వేడెక్కడానికి మధ్యాహ్నం దాటేది. చీకటి పడ్డాక అదే గాజు మూత గుండా వేడి పారిపోయేది, తెల్లవారేసరికి నీళ్ళు చల్లబడేవి. సాయంత్రం స్నానం చేసే ఇంటికి అది చాలింది, పొద్దున స్నానం చేసే ఇంటికి చాలలేదు. 1898లో పేటెంట్ పొందిన లాస్ ఏంజెలస్ గుత్తేదారు ఫ్రాంక్ వాకర్ ఆ పెట్టెను ఇంటి కప్పులోకి దించి, వంటింటి పొయ్యితో నడిచే మామూలు హీటరుకు కలిపి, ఎండ లేనప్పుడు నిప్పుతో నీళ్ళు కాగే ఏర్పాటు చేశాడు. ఇది చిక్కును పక్కకు తప్పించిందే గాని విప్పలేదు.

విప్పినవాడు విలియం బెయిలీ. కార్నెగీ ఉక్కు కంపెనీలో పనిచేసి క్షయవ్యాధి కారణంగా పొడిగాలి వెతుక్కుంటూ కాలిఫోర్నియాకు వచ్చిన ఆయన, లాస్ ఏంజెలస్ సమీపంలోని మన్రోవియాలో 1909లో పరికరాన్ని రెండుగా విడదీశాడు. ఎండ తగిలే చోట పలచని గాజు పెట్టెలో నల్లరంగు వేసిన రాగిరేకు, దానికి అతికించిన సన్నని రాగి గొట్టాలు; ఈ పెట్టెనే పలక అంటారు. ఇంటి లోపల, ఆ పెట్టెకంటే ఎత్తున, వేడి చుట్టుపక్కలకు పోకుండా దళసరిగా పొదిగిన ట్యాంకు. గొట్టాల్లో ఉన్న కొద్దిపాటి నీరు త్వరగా కాగి తేలికై పైకి లేచి ట్యాంకులో చేరుతుంది, ట్యాంకు అడుగున ఉన్న చల్లని బరువైన నీరు కిందికి దిగి గొట్టాల్లోకి వస్తుంది. ఎండ ఉన్నంతసేపూ పంపు లేకుండా, కరెంటు లేకుండా ఈ ప్రదక్షిణ సాగుతూనే ఉంటుంది. దీనినే థర్మోసైఫన్ అంటారు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు 998 గ్రాములు తూగితే 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములు తూగుతుంది. ఈ పదిహేను గ్రాముల తేడాయే ఆ ప్రవాహానికంతటికీ బలం. ట్యాంకు ఎత్తున ఉండటానికి మరో కారణమూ ఉంది: కింద పెడితే రాత్రివేళ ట్యాంకులోని వేడినీరు చల్లని పలకలోకి ఎక్కి ఆ వేడిని ఆకాశానికి అప్పగిస్తుంది. బెయిలీ తన కంపెనీకి డే అండ్ నైట్, అంటే పగలూ రాత్రీ, అని పేరు పెట్టాడు. అమ్మేవాడి పొగడ్త కాదది. పోటీదారుల సరుకు చేయలేనిదీ తన సరుకు చేయగలిగిందీ ఆ రెండు మాటల్లోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి డే అండ్ నైట్ హీటర్లు 4,000కు పైగా అమ్ముడయ్యాయి, క్లైమాక్స్ వ్యాపారం అంతకుముందే కనుమరుగైంది.

1913 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియాను అంతకుముందెన్నడూ ఎరగని చలి కమ్మింది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది కనుక, బెయిలీ పలకల్లోని సన్నని రాగి గొట్టాలు ఎన్నో ఇళ్ళలో ఆ రాత్రుల్లో పగిలాయి. ఆయన ఇచ్చిన సమాధానం పరికరాన్ని మరొకసారి విడదీయడం: పలకలో తిరిగేది గడ్డకట్టకుండా ఆల్కహాలు కలిపిన నీరు, అది ట్యాంకు లోపల చుట్టలుగా ఉన్న గొట్టం గుండా పోతూ తన వేడిని వాడకపు నీళ్ళకు అందించి, వాటితో కలవకుండానే తిరిగి పలకకు చేరుతుంది. వేడి చేతులు మారుతుంది, నీళ్ళు మారవు. ఈ చిన్న ఏర్పాటుకు ఆ తర్వాత ఆయన ఊహించని పని తగిలింది.

డే అండ్ నైట్ సోలార్ హీటరును ఓడించింది మెరుగైన సోలార్ హీటరు కాదు. 1920 తర్వాత లాస్ ఏంజెలస్ పరిసరాల్లో సహజవాయువు విస్తారంగా బయటపడి, గొట్టాల ద్వారా చౌకగా ఇళ్ళకు చేరింది. ఎండ కాచే తీరు మారలేదు, పరికరపు పనితనం తగ్గలేదు. పక్కన ఇంకొక వస్తువు ధర పడిపోయింది, అంతే. బెయిలీ ఆ మార్పును ముందే గ్రహించి, ట్యాంకులు పొదగడంలో నేర్చిన నేర్పునంతా గ్యాసు హీటర్ల తయారీకి మళ్ళించి, అందులోనూ పేరు తెచ్చుకున్నాడు. కాలిఫోర్నియాలో ఆ కంపెనీ చివరి సోలార్ హీటరును అమ్మింది 1941లో.

అప్పటికి ఈ విద్య అమెరికాకు ఆగ్నేయ మూలన ఉన్న ఫ్లోరిడాలో రెండో జీవితం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు గడిచాయి. 1923లో కరూథర్స్ అనే గృహనిర్మాణ వ్యాపారి బెయిలీ నుంచి ఫ్లోరిడా హక్కులు కొని మయామీలో సోలార్ వాటర్ హీటర్ కంపెనీని స్థాపించినప్పుడు ఆ నగరంలో ఇళ్ళ నిర్మాణం ఉరకలేస్తోంది; అక్కడ గ్యాసు లేదు, కరెంటు ప్రియం. అయితే స్థలాల ధరల బుడగ పగలడమూ, 1926 సెప్టెంబరు తుఫాను నగరాన్ని ధ్వంసం చేయడమూ వెంటవెంటనే జరిగి, కొత్త ఇళ్ళతో పాటు హీటర్ల వ్యాపారమూ ఆగిపోయింది. దానిని 1930ల్లో తిరిగి నిలబెట్టినవాడు ఛార్లెస్ ఇవాల్డ్. ఆయన కొత్త సూత్రమేదీ కనిపెట్టలేదు. మయామీ తేమలో చెక్కపెట్టె కుళ్ళిపోతుందని గమనించి లోహపు పెట్టె చేయించాడు, మెత్తని రాగి గొట్టం వాడాడు, ఆ గొట్టాల వరుసలను దగ్గర దగ్గరగా జరిపి అదే పలకతో ఎక్కువ నీళ్ళు కాచే వీలు కల్పించాడు. ఒక ఊరి గాలికీ నీటికీ తగినట్టు వస్తువును దిద్దే ఇటువంటి మరమ్మతు బుద్ధికి చరిత్ర పుస్తకాల్లో చోటు తక్కువ, కాని ఊరంతా వాడుకున్న హీటరు బెయిలీది కన్నా ఇవాల్డ్‌దే అని చెప్పవచ్చు. 1934లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన గృహ ఋణ హామీ సంస్థ ఇళ్ళ బాగుచేతకు తక్కువ వడ్డీ అప్పులు ఇప్పించడంతో మామూలు జీతగాళ్ళు కూడా వీటిని కొనగలిగారు. 1941 నాటికి మయామీ జనాభాలో సగానికి పైగా ఎండ కాచిన నీళ్ళే వాడుతున్నారు. కప్పుమీద నిలిచే ట్యాంకు కంటికి ఇంపుగా ఉండాలని దాని చుట్టూ పొగగొట్టం ఆకారంలో గోడ కట్టించేవారు. చలిమంటల అవసరమే అంతగా లేని ఊళ్ళో ఇంటింటికీ పొగగొట్టం కనిపించడానికి అదీ కారణం.

1942లో యుద్ధ అవసరాల కోసం ప్రభుత్వం రాగిని గృహ వినియోగానికి ఆపివేసింది, కొత్త హీటర్ల తయారీ ఆగింది. యుద్ధం ముగిశాక మయామీ హీటరు కోలుకోకపోవడానికి కారణాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. బయటి కారణం తెలిసిందే: కరెంటు చౌకై, విద్యుత్ సంస్థలు కరెంటు హీటర్లను ఉత్సాహంగా ప్రోత్సహించాయి. లోపలి కారణం పరికరంలోనే దాగి ఉంది. రాగి గొట్టమూ ఉక్కు ట్యాంకూ ఒకే నీటిలో తడుస్తూ ఉంటే రెండు లోహాల మధ్య సన్నని విద్యుత్ప్రవాహం పుట్టి ఉక్కును తినివేస్తుంది. పదేళ్ళు దాటిన ట్యాంకులు ఒక్కొక్కటే చిల్లులు పడి, కింది గదుల పైకప్పులను తడిపేశాయి. పిల్లలు ఎక్కువై, ఇంటికి బట్టలు ఉతికే యంత్రం వచ్చి వేడినీళ్ళ అవసరం పెరిగిన కుటుంబానికి, చిల్లుపడిన పాత ట్యాంకు స్థానంలో మరొక ట్యాంకు వేయించడం కన్నా కరెంటు హీటరు తెచ్చుకోవడం తేలికయింది.

ఒక తరం గడిచేసరికి ఈ అనుభవం ఎంతగా మరుగున పడిందంటే, 1973లో చమురు ధరలు భగ్గుమన్నప్పుడు అమెరికాలో ఎండతో నీళ్ళు కాచడాన్ని చాలామంది సరికొత్త ఊహగా స్వాగతించారు. 1979 జూన్‌లో అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్ కప్పుమీద 32 పలకలు బిగించి జాతికి చూపితే, 1986లో కప్పు మరమ్మతుల సందర్భంగా తీసిన ఆ పలకలను తర్వాతి ప్రభుత్వం తిరిగి పెట్టనేలేదు. ఈ నడుమ కెన్ బుట్టీ, జాన్ పెర్లిన్ అనే ఇద్దరు కాలిఫోర్నియా పరిశోధకులు పాత పేటెంట్లు, ప్రకటనలు, నాటి మనుషుల జ్ఞాపకాలు గాలించి 1980లో ‘ఎ గోల్డెన్ థ్రెడ్’ అన్న గ్రంథం వెలువరించి ఉండకపోతే, పాసడీనా, మయామీ కథలు ఇంత వివరంగా నేడు అందేవి కావు. ఇళ్ళ కప్పులమీద వేల సంఖ్యలో నిలిచిన వస్తువు, నడివయసు దాటిన వాళ్ళకు ఇంకా గుర్తున్న వస్తువు, కొత్తగా కనిపెట్టవలసిన దాకా వచ్చిందంటే వృత్తుల జ్ఞాపకం ఎంత పలచనో బోధపడుతుంది. ప్లంబరు చేతిలో ఉన్న విద్య ఆ పని ఆగిన రోజునే కాగితంమీదికి ఎక్కకపోతే మళ్ళీ దొరకదు.

ఈ పరికరం ఎక్కడా ఆగకుండా వేరూనిన దేశంగా ఇజ్రాయెల్‌ను చెప్పుకోవాలి. 1948లో దేశం ఏర్పడిన తొలి ఏళ్ళలో ఇంధనానికి తీవ్రమైన కరువు వచ్చి, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు నీళ్ళు కాచుకోవడాన్నే ప్రభుత్వం నిషేధించింది. ఆ రోజుల్లో లెవీ ఇస్సార్ అనే ఇంజనీరు 1953లో సోలార్ హీటర్ల తయారీకి తొలి కంపెనీ పెట్టాడు. లండన్‌లో పుట్టి ఆ దేశానికి వలస వచ్చిన భౌతిక శాస్త్రవేత్త హారీ త్సవీ తాబోర్ మాత్రం పలకమీది నల్లరంగునే ప్రశ్నించాడు. మామూలు నల్లరంగు ఎండను బాగా తాగుతుంది, తాగిన వేడిని అంతే బాగా వెదజల్లుతుంది. మెరిసే లోహం తక్కువ వెదజల్లుతుంది గాని తక్కువే తాగుతుంది. మెరిసే లోహంమీద అతి పలచని నల్లని పూత వేస్తే సూర్యకాంతి ఆ పూతలో ఇంకిపోతుంది, పొడవైన వేడికిరణాలకు మాత్రం ఆ పూత లేనట్టే ఉండి లోహపు మెరుపే ఎదురవుతుంది కనుక వేడి బయటికి పోదు. ఇలా లోపలికి రానిచ్చే కాంతినీ బయటికి పోనివ్వని వేడినీ వేరుచేసే పూతలను 1955లో అరిజోనాలో జరిగిన సౌరశక్తి సమావేశంలో తాబోర్ వివరించాడు. నేటి మేలైన పలకలన్నిటిమీదా ఉండే పూతలకు మూలం అదే. అక్కడ కూడా 1967 యుద్ధంలో సినాయ్ చమురు బావులు చేతికి రాగానే హీటర్ల అమ్మకాలు మందగించి, 1973 తర్వాత మళ్ళీ పుంజుకున్నాయి. మయామీలో జరగనిది అక్కడ జరిగింది 1980లో: కొత్తగా కట్టే నివాస భవనాల్లో, మరీ ఎత్తైనవి తప్ప, సోలార్ హీటరు ఉండి తీరాలని చట్టం చేశారు. ఇంధనం చౌకైన ఏళ్ళలో కూడా కప్పుమీది ట్యాంకు నిలిచింది ఆ చట్టం వల్లే, అక్కడ నేడు పదింట ఎనిమిదిళ్ళకు పైగా ఈ నీళ్ళే వాడుతున్నాయి.

భారతదేశంలో 1980ల నుంచి ప్రభుత్వ రాయితీలతో సోలార్ హీటర్లు మొదట హోటళ్ళు, ఆసుపత్రులు, విద్యార్థి వసతి గృహాలమీదా, తర్వాత ఇళ్ళమీదా కనిపించసాగాయి. అన్ని నగరాల్లోకీ బెంగళూరు ముందు నిలవడానికి కారణం వెతకనక్కరలేదు: ఏడాది పొడవునా పొద్దున వేడినీళ్ళు కోరే వాతావరణం, దాదాపు ఏడాది పొడవునా దొరికే ఎండ, గీజర్లన్నీ ఒకేసారి వేసే ఉదయపు వేళ విద్యుత్ సంస్థమీద పడే భారం. నూరు లీటర్ల నీటిని 30 డిగ్రీల మేర వేడిచేయడానికి సుమారు మూడున్నర యూనిట్ల కరెంటు కావాలి. లక్షల ఇళ్ళు ఒకే గంటలో ఆ పని చేస్తే ఏమవుతుందో గ్రహించిన అక్కడి విద్యుత్ సంస్థ సోలార్ హీటరున్న ఇళ్ళకు బిల్లులో కొంత తగ్గింపు ఇచ్చింది. ఆ నగరంలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు ఈ అలవాటును అక్కడే చేసుకున్నాయి. 2010లో మొదలైన జాతీయ సౌరశక్తి కార్యక్రమం 2022 నాటికి దేశంలో రెండు కోట్ల చదరపు మీటర్ల ఉష్ణగ్రాహక పలకలను లక్ష్యంగా పెట్టుకుంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో ఈ పరికరం వచ్చి చేరింది కట్టెలపొయ్యిమీది కాగు, మధ్యలో నిప్పుల గొట్టముండే రాగి బాయిలరు, గోడకు వేలాడే గీజరు అన్న వరుసకు చివరన. తలంటి స్నానమైనా, భోగినాటి స్నానమైనా సూర్యోదయానికి ముందే కావలసిన ఇళ్ళు కనుక, నిన్నటి ఎండను నేటి తెల్లవారుజాముకు దాచిన ట్యాంకే ఇక్కడ అసలు పరికరం. క్లైమాక్స్ ఇక్కడ అమ్ముడయ్యేది కాదు. అయితే రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలాచోట్ల బోరునీళ్ళు సున్నం ఎక్కువగా ఉన్న కఠినమైన నీళ్ళు. అవి కాగిన కొద్దీ సన్నని రాగి గొట్టాల లోపల తెల్లని పెచ్చు కట్టి, కొన్నేళ్ళకు దారి మూసివేస్తాయి. చైనాలో 1990ల నుంచి విస్తరించి ఇక్కడి మేడలమీదికీ చేరిన గాజు గొట్టాల హీటర్లు, అంటే ఫ్లాస్కులో వలె రెండు గాజు గోడల మధ్య గాలి తీసేసిన గొట్టాలతో చేసినవి, వెడల్పైన దారి వల్ల ఈ పెచ్చును కొంత కాలం తట్టుకుంటాయి. రాగి పలకలనే కోరుకునే ఇంటికి మాత్రం తెలిసిన మేస్త్రీ చెప్పే ఉపాయం, పలకలో మంచినీళ్ళు వేరుగా తిప్పి, వాడకపు బోరునీళ్ళను ట్యాంకులోనే ఉంచి, వేడిని మాత్రం ఒకదాని నుంచి మరొకదానికి అందించే రెండో చుట్టు. 1913 జనవరిలో మన్రోవియా గొట్టాలు మంచుకు పగిలినప్పుడు బెయిలీ వేసిన చుట్టు అదే, మంచు ఎన్నడూ కురవని అనంతపురం మేడలమీద సున్నాన్ని ఆపడానికి పనికొస్తోంది.